ఈమూ షెడ్డులో జూ పెడదామా?

కర్నూలు, కడప పిల్లలకు పులిని చూపించాలంటే తిరుపతి పోవాలి, లేదంటే హైదరాబాదు పోవాలి. నల్లమల ఇంటి వెనకే ఉన్నా అంతే. ఈ లోటు తాను తీరుస్తానని ఒక మేనల్లుడు బయలుదేరినాడు. చాగలమర్రి దాటినాక, రెండు జిల్లాల పొలిమేర దగ్గర వాళ్లకు పన్నెండెకరాల మెట్ట ఉంది. దాంట్లో వాళ్ల నాయన ఈమూ పక్షుల కోసం కట్టించి వదిలేసిన షెడ్లు మూడు ఉన్నాయి. అక్కడ ఇంటిల్లిపాదీ కలిసి నడిపే జంతుశాల పెట్టాలని అతని ఆలోచన. అడ్డుపడింది మేనత్త. కడపలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఆ పన్నెండెకరాల్లో ఆమెకూ భాగముంది కాబట్టి ఆమె సంతకం కావాలి. సంతకం కావాలి కాబట్టి వాదన తప్పలేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నేను నోరు మెదపాల్సిన చోట ఆ మాట కుండలీకరణాల్లో పెట్టినాను.

అల్లుడు: అత్తా, ముందు ప్లాను చూడు, తర్వాత తిట్టు. గేటు కాడ టికెట్టు కౌంటరు. లోపలికి రాగానే కుందేళ్లు, గినీ కోళ్లు, టర్కీ కోళ్లు, బాతుల మడుగు. ఆ పక్క రెండు పొట్టి గుర్రాలు, పిల్లోళ్లు ఎక్కి తిరగడానికి. మొదటి షెడ్డులో మకావులు, కాకటూలు, ఆఫ్రికన్ గ్రే చిలకలు. రెండో దాంట్లో ఇగువానా, బాల్ పైథాన్. మూడో దాంట్లో ఈమూలు, ఒక జత ఆస్ట్రిచ్‌లు. చివర్న క్యాంటీను, జారుడుబండ, సెల్ఫీ పాయింటు.

అత్త: క్యాంటీనులో ఏం పెడతావు, చికెన్ పకోడీనా?

అల్లుడు: ఎగతాళి ఎందుకు? పులి లేదు, సింహం లేదు, ఎలుగు లేదు. మన అడవిది ఒక్క జంతువును కూడా ముట్టుకోను. జింక, నెమలి, నక్షత్ర తాబేలు, ఆఖరికి మన రామచిలకను పంజరంలో పెట్టుకున్నా 1972 చట్టం కింద కేసవుతుందని నాకు తెలుసు. నేను తెచ్చేవన్నీ బయటి దేశాలవి.

అత్త: సగం తెలుసుకున్నావు. 1991లో ఆ చట్టంలో జూల కోసం ఒక అధ్యాయం చేర్చినారు. మరుసటేడు కేంద్ర జూ ప్రాధికార సంస్థ వచ్చింది. దాని గుర్తింపు లేకుండా ఈ దేశంలో ఎవరూ జూ నడపకూడదు. ఒకచోట ఉన్నా సరే, ఊరూరా తిరిగినా సరే, బంధించిన జంతువులను జనానికి చూపిస్తే అది జూనే. సర్కస్ కూడా ఆ కిందికే వస్తుంది. ఇక నీ బయటి దేశాల సంగతి. 2022 సవరణలో వాటికీ ఒక షెడ్యూలు పెట్టినారు. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కింద ఉన్న జాతులన్నీ దాంట్లోకి వచ్చినాయి. నీ మకావు, కాకటూ, ఆఫ్రికన్ గ్రే, ఇగువానా, బాల్ పైథాన్, అన్నీ. 2024లో రూల్సు కూడా వచ్చినాయి. ఒక్కొక్కదాన్నీ పరివేశ్ పోర్టల్లో నమోదు చేయాలి. పిల్ల పుడితే చెప్పాలి, చచ్చిపోతే చెప్పాలి, ఇంకొకరికి ఇస్తే చెప్పాలి.

అల్లుడు: చెప్తాను. రేషన్ కార్డులో పేర్లు ఎక్కించినట్టు ఒక్కొక్కటీ ఎక్కిస్తాను. అదేమన్నా కష్టమా?

అత్త: ఎక్కించడం కష్టం కాదు. మకావు యాభై ఏళ్లు బతుకుతుంది, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువ. నీ చిన్నోడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. నువ్వు పిల్లను తెస్తే, వాడికి అరవై వచ్చేదాకా దానికి పండ్లు కోసి పెట్టాలి. వాడు అమెరికా పోతానంటాడు. అప్పుడు?

అల్లుడు: సేద్యగాని కొడుకు సేద్యం చేయలేదా? ఇదీ అంతే. జర్మనీలో హాంబర్గ్ కాడ హాగెన్‌బెక్ అని ఒక కుటుంబం ఉండాది. చేపలమ్ముకునే మనిషి. 1848లో వలలో పడిన సీల్ జంతువులను తొట్టిలో వేసి, చూడ్డానికి డబ్బులు తీసుకున్నాడు. ఆయన కొడుకు 1907లో ఊచలు లేని జూ కట్టినాడు. జంతువుకూ మనిషికీ మధ్య కందకం, అంతే. ఇప్పటికీ ఆ ఇంటోళ్లే నడుపుతాండారు. హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కులో సింహం ముందర ఊచలు కాకుండా కందకం ఉండాదంటే, ఆ ఆలోచన యాడిది? ఒక కుటుంబం జూలో పుట్టిందే గదా. ప్రభుత్వమే జూ నడపాలని రాసిపెట్టి ఉందా?

అత్త: ఆ కొడుకే ఆ జూ కంటే ముందు మనుషులను చూపించినాడు, అది కూడా చదివినావా? 1870ల్లో ఉత్తరాది మంచుదేశం నుంచి సామీ కుటుంబాన్ని వాళ్ల దుప్పులతో సహా తెచ్చి, గుడారాలు వేయించి, పిల్లకు పాలిచ్చే తల్లిని కూడా జనం ముందర కూర్చోబెట్టినాడు. తర్వాత సింహళం వాళ్లను ఏనుగులతో సహా తెచ్చినాడు. గేటు కాడ డబ్బు వచ్చే కొద్దీ ఎక్కడ ఆగాలో మనిషికి తెలీదు. నేను భయపడేది నీ మనసుకు కాదు, నీ గేటుకు.

అల్లుడు: నూటయాభై ఏళ్ల నాటి పాపం తెచ్చి నా మెడకు చుడతావేంది?

అత్త: సరే, నూటయాభై ఏళ్లు వద్దు. పదిహేనేళ్లు చాలు. ఈ షెడ్డు గోడలు ఎవరు కట్టించినారు?

(ఇక్కడ ఇద్దరూ రవ్వంతసేపు గమ్మునున్నారు. ఈమూ మాట ఈ ఇంట్లో తేలిగ్గా ఎత్తే మాట కాదు. 1990ల చివర ఆంధ్రకు వచ్చిన ఆస్ట్రేలియా పక్షి అది. నూనె, మాంసం, తోలు, ఈక అన్నీ అమ్ముడుపోతాయని చెప్పి జతలు జతలుగా అమ్మినారు. నిజానికి అమ్ముడుపోయింది పిల్లలే. కొత్తగా చేరే రైతులున్నన్నాళ్లు పాత రైతులకు గిరాకీ. 2012 వచ్చేసరికి కొత్తవాళ్లు అయిపోయినారు, దాణా ధర పెరిగింది, తమిళనాడులో ఈమూ కంపెనీల మీద మోసం కేసులు పడినాయి, ఇక్కడ మేపలేక కొందరు పక్షులను వదిలేసినారు.)

అత్త: మా అన్న మోసపోయినాడని నేను అనడం లేదు. తిరిగి కొంటామన్నవాళ్లు కనబడకుండా పోయినాక, ఆయన ముందర మిగిలింది బ్యాంకు అప్పు ఒక్కటే కాదు. ఇంకా ఇరవై ఏళ్లు బతకగల పక్షులు మిగిలినాయి. వ్యాపారం చచ్చిపోతుంది, జంతువు చచ్చిపోదు. జూ గురించి నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటే.

అల్లుడు: ఆ పక్షులను ఎవరు మేపినారో నీకు తెలుసా?

అత్త: మీ నాయన.

అల్లుడు: నాయన షెడ్డు వైపు పోవడం మానేసినాడు. చూస్తే ఏడుపొస్తాదని. నేను మేపినాను. ఇంటర్ చదువుతాండా అప్పుడు. చెనక్కాయ చెక్క కొనలేక మునగాకు, కందిపొట్టు, మార్కెట్లో పారేసిన టమాటాలు తెచ్చి పెట్టినాను. మే నెల్లో నలభై నాలుగు డిగ్రీల ఎండకు అవి నోరు తెరుచుకుని రొప్పుతా ఉంటే, పైపు పట్టుకుని గంటలు గంటలు తడిపినాను. పచ్చగా, నల్లగా ఉంటాది గుడ్డు. మగది ఎనిమిది వారాలు దాని మీద కూర్చుంటాది, మేత ముట్టదు, నీళ్లకు కూడా లేయదు. అట్లా కూర్చున్నదాన్ని కోళ్ల లారీకి ఎత్తమంటే, ఎత్తలేదు. ఆఖరుది చచ్చేదాకా మేపినాను. ఒక్కదాన్ని కూడా రోడ్డు మీద వదల్లేదు. నష్టం వచ్చినాక కూడా జంతువును వదలనోళ్లు ఎవరన్నా ఉంటే, అది నేనే. ఇప్పుడు చెప్పు.

అత్త: ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

అల్లుడు: నువ్వు కడపలో ఉన్నావు.

అత్త: ఒప్పుకుంటాను. నువ్వు మేపినావు. కానీ నువ్వు మేపగలిగింది మీ జేజి పెన్షను, మీ అమ్మ గాజులు ఉన్నాయి కాబట్టి. ఈసారి అయిదు ఈమూలు కాదు, డజను రకాల జంతువులు. డజను రకాల మేతలు. చిలకకు జబ్బు చేస్తే చూసే డాక్టరు ఈ చుట్టుపక్కల ఎవరు? గేదెకు చేయి పెట్టి చూసే డాక్టరు మకావు రొమ్ము మీద చేయి వేయడానికి భయపడతాడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏం చేసినారు? రోగం తేలిన చోట చుట్టూ గీత గీసి, లోపలున్న కోళ్లన్నిటినీ పూడ్చిపెట్టినారు. రేపు చాగలమర్రిలో ఒక కోళ్ల ఫారంలో వస్తే నీ కాకటూ, నీ బాతు, నీ ఆస్ట్రిచ్ ఆ గీత లోపల ఉంటాయి.

అల్లుడు: రోగం తిరుపతి జూకూ వస్తాది, హైదరాబాదు జూకూ వస్తాది.

అత్త: వస్తుంది. వాళ్లకు లోపలే ఆసుపత్రి ఉంటుంది, వారానికొక రోజు గేటు మూస్తారు. హైదరాబాదు జూకు సోమవారం సెలవు, చూసినావు గదా. జంతువుకు ఆ ఒక్క రోజన్నా మనిషి మొహం చూడకుండా ఉండాలని రూలు. నీ సెల్ఫీ పాయింటులో మకావుకు సెలవెప్పుడు?

అల్లుడు: మంగళవారం ఇస్తాను.

అత్త: ఆదివారం ఇస్తావా?

(సమాధానం రాలేదు. ఆదివారం మీద నడిచే వ్యాపారం ఎవరిదైనా అట్లాంటిదే.)

అల్లుడు: సరే అత్తా, ఇప్పుడు నేనడుగుతాను. నీకు సర్కారు జూ అంటే నమ్మకం, నా జూ అంటే భయం. కానీ ఒకటి చూడు. ఎలుగును ఆడించే ఖలందర్లు ఉన్నారు. కోతులను ఆడించేవాళ్లు, పాములోళ్లు, చిలక జోస్యమోళ్లు ఉన్నారు. ఇవన్నీ కుటుంబం నడిపే జూలే. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కు. చట్టం వచ్చి ఒక్కొక్కటే మూసేసింది. మనూర్లో పాములోళ్ల పిల్లోళ్లు ఇప్పుడు బేల్దారి పనికి పోతాండారు. అదే 2025 మార్చి 4న గుజరాత్‌లో జామ్‌నగర్ కాడ అంబానీ కుటుంబం మూడు వేల ఎకరాల్లో పెట్టుకున్న వంతారాను సాక్షాత్తూ ప్రధానమంత్రి ప్రారంభించినారు. అదీ కుటుంబం నడిపేదే గదా? పేదోడు జంతువును పెట్టుకుంటే హింస, పెద్దోడు పెట్టుకుంటే సేవ. నేను మధ్యలో వాణ్ణి, నాకేం పేరు పెడతావు?

(ఈ మాట దగ్గర నేను అల్లుని పక్షం. అత్త కూడా వెంటనే కొట్టిపారేయలేదు.)

అత్త: నీ మాటలో నిజముంది. ఆ కుటుంబాలకు వేరే బతుకు చూపించిన తర్వాత మూసుంటే బాగుండేది. చాలాచోట్ల మూసిందే ముందు. ఎలుగులను తీసుకున్న సంస్థలు కొందరికి ఆటోలు, దుకాణాలు పెట్టించినాయి. 2009లో ఆఖరి ఎలుగు బెంగళూరు దగ్గర బన్నేరుఘట్ట పునరావాస కేంద్రానికి చేరింది. కానీ ఒక్కటి మర్చిపోవద్దు. ఆ ఎలుగు ముక్కుకు ఎర్రగా కాల్చిన కడ్డీతో తూటు పెట్టి తాడు వేస్తారు, పిల్లగా ఉన్నప్పుడే. పేదరికం ఆ తూటును చిన్నది చేయదు. ఇక వంతారా. దాని మీద పిటిషన్లు పడితే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మన జస్టిస్ చలమేశ్వర్ గారి నాయకత్వంలో దర్యాప్తు బృందాన్ని వేసింది. తప్పేమీ లేదని సెప్టెంబరులో తేలింది. తేలింది కాబట్టి నేను వేరే మాట అనను. కానీ అక్కడ గేటు కాడ టికెట్టు లేదు. దాణా డబ్బు రిఫైనరీ నుంచి వస్తుంది. నీ దాణా డబ్బు చిలకతో ఫోటో దిగే పిల్లోడి నుంచి రావాలి. జనం రాని నెలలో ఆస్ట్రిచ్ ఉపవాసం ఉంటుందా?

అల్లుడు: జనం రాకుండా ఎందుకుంటారు? బెలూం గుహలకు వస్తాండారు, గండికోటకు వస్తాండారు, అహోబిలానికి, యాగంటికి వస్తాండారు. వచ్చినోళ్ల పిల్లోళ్లకు చూడ్డానికి రాళ్లు తప్ప ఏముండాది?

అత్త: రాళ్లలోనే జంతువులున్నాయిరా. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తెలుసా? 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు కలిసి తవ్వినారు. తండ్రీకొడుకుల పని, నీకు నచ్చుతుంది. ఖడ్గమృగం ఎముకలు దొరికినాయి. దానికి శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టినారు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. ఒకప్పుడు ఈ ఎండలో, ఈ గులకరాళ్ల మధ్య ఖడ్గమృగం తిరిగింది. నీ షెడ్డులో ఆ కథ పెట్టు, నేనొచ్చి చెప్తాను.

అల్లుడు: గుహకు వస్తారు అత్తా, ఎముకకు రారు. నీ క్లాసుకు పిల్లోళ్లు అటెండెన్స్ కోసం వచ్చినారు, నిజం చెప్పు.

అత్త: (నవ్వి) కొందరు.

అల్లుడు: నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. ఇది వ్యాపారం మాట కాదు. రోళ్లపాడు సంగతి తీసుకో. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినారు. ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. కంచె వేసినారు. లోపల కృష్ణజింకలు పెరిగినాయి, బయట శనగ చేన్లలో, జొన్న చేన్లలో పడినాయి. రైతు ఎవర్ని తిట్టుకున్నాడు? బట్టమేక వల్లే గదా ఈ కంచె వచ్చింది అని దాన్నే తిట్టుకున్నాడు. అది చేసిన పాపమేమీ లేదు. ఆ ఊర్ల పిల్లోళ్లలో దాన్ని కళ్లారా చూసినోళ్లు ఎంతమంది? ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడిందన్న మాటే లేదు. దేశం మొత్తం మీద నూటయాభై అంటాండారు. మీరు ఎవరికీ చూపించకుండా కాపాడినారు. ఏం మిగిలింది? చూడనిదాని మీద ప్రేమ యాడ నుంచి వస్తాది?

(అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న అల్లునిది ఒక్కనిదే కాదు. అడవి శాఖలో పని చేసి దిగిపోయినవాళ్లు కూడా మెల్లగా ఇదే అడుగుతారు.)

అత్త: రోళ్లపాడులో చేసింది తప్పే. పిట్టను చూసినారు గానీ ఊరిని చూడలేదు. పంట నష్టం సకాలంలో కట్టుంటే ఆ కోపం అంత పెరిగేది కాదు. కానీ బట్టమేక పోయింది జనం చూడక కాదు. గడ్డినేల పోయి పోయింది. కాలువ నీళ్లు వచ్చినాయి, బీడు పొలమైంది, ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్టకు ఆ గుడ్డు పెట్టే చోటు పోయింది. నువ్వు దాన్ని బోనులో పెట్టి లక్షమందికి చూపించినా ఆ చోటు తిరిగి రాదు.

అల్లుడు: మరి ఇప్పుడు జైసల్మేర్‌లో ఏం చేస్తాండారు? 2019 నుంచి అడవిలో గుడ్లు తెచ్చి, మిషన్లో పొదిగించి, బోనులో పెంచుతాండారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో పిల్ల కూడా పుట్టింది. అంటే బట్టమేక రేపు బతికుంటే బోను వల్లే బతికుంటాది. జూను ఇంత తిట్టే నువ్వు దానికేమంటావు?

అత్త: దండం పెడతాను. కానీ ఆ బోను ముందర నిలబడి నువ్వు ఫోటో దిగగలవా? జంతువు కోసం బోను, మనిషి కోసం బోను, రెండూ ఇనుముతోనే చేస్తారు. 1998లో మన దేశం జూల విధానం రాసుకున్నప్పుడు మొదటి పని అడవిలో జాతులను కాపాడడానికి తోడ్పడడం అని రాసుకున్నారు. వినోదం మొదటి వరసలో లేదు. నీ ప్లానులో ఏ జాతికి తోడ్పాటు ఉంది, చూపించు. మకావు దక్షిణ అమెరికాది. అది ఇక్కడ గుడ్డు పెడితే అమెజాన్ అడవికి ఏం ఒరుగుతుంది?

అల్లుడు: పిల్లోడికి ఒరుగుతాది. వాడు మకావును చూసినాక మన పాలపిట్టను చూస్తాడు.

అత్త: చూడడు రా. మకావు రంగులు చూసినాక పాలపిట్ట వెలవెలబోతుంది. కలివికోడి సంగతి విను. మన కడప జిల్లా పిట్ట, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, పోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం పక్క రెడ్డిపల్లె దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు వెతుకుతుంటే, ఊరి వేటగాడు ఒకాయన రాత్రిపూట లైటు వేసి, పట్టుకుని తెచ్చి ఇచ్చినాడు. ఎనభై ఆరేళ్లకు దొరికిన పక్షి. అది చేతిలో ఎక్కువ రోజులు బతకలేదు. చెడ్డవాళ్లెవరూ లేరు ఆ కథలో. పట్టుకున్నాయనా మంచోడే, వెతికినాయనా మంచోడే. పక్షి మాత్రం పోయింది. ఆ తర్వాత లంకమల అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ ఆ తుప్పల మీదుగా పోతుందంటే కాలువ దారి మళ్లించినారు. చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చూడని పిట్టకు కాలువ దారి ఇచ్చింది. నీ ప్రశ్నకు జవాబు అది.

అల్లుడు: కాలువ దారి ఇచ్చింది కోర్టు కమిటీ చెప్తే. ఊరోళ్లు ఇవ్వలేదు. ఊరోళ్లను అడిగుంటే నీళ్లు కావాలనేవాళ్లు. మనం కూడా అనేవాళ్లం. కేసీ కాలువ నీళ్లు కింది పొలాలకే గానీ మన మెట్టకు ఎక్కవని అబ్బ జీవితమంతా ఏడ్చినాడు.

అత్త: అది కూడా నిజమే.

(వాదన ఇక్కడ ఆగి ఉంటే సమానంగా ముగిసినట్టుండేది. కానీ సంతకం సంగతి తేలలేదు. టీలు వచ్చినాయి. అత్త ప్లాను కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది.)

అత్త: చిన్నప్పుడు మీ నాయన, నేను ప్రొద్దుటూరులో సర్కసుకు పోయినాం. సింహం స్టూలు మీద కూర్చుంటే చప్పట్లు కొట్టినాను. నేనేమీ పుట్టుకతోనే ఇట్లా లేను. 1998లో కేంద్రం పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఆటలు ఆపమంది, 2001లో సుప్రీంకోర్టు సరే అంది. ఆ సింహాలన్నీ యాడికి పోయినాయి? తిరుపతికి, విశాఖకు, ఇంకా కొన్ని చోట్లకు పోయినాయి. ఆఫ్రికా సింహాన్ని, గిర్ సింహాన్ని కలిపి పుట్టించినవి, అడవికీ పనికిరావు, జూ సంతతికీ పనికిరావు. పిల్లలు పుట్టనీయకుండా, ముసలివై చచ్చేదాకా మేపినారు. టికెట్టు డబ్బులు సర్కసువాళ్లు తిన్నారు, మాంసం బిల్లు జనం కట్టినారు. నీ మకావులకు ఆ బిల్లు ఎవరు కడతారని నేనడిగేది. ప్రేమ లేదనడం లేదు. తణుకు నుంచి ఉక్రెయిన్ పోయిన డాక్టరు సంగతి పేపర్లలో చదివినావు గదా? జాగ్వార్‌ను, నల్ల చిరుతను బిడ్డల్లాగా పెంచినాడు. 2022లో యుద్ధం వస్తే వాటిని వదిలి రానని బంకర్లో కూర్చున్నాడు. అంతకన్నా ప్రేమ యాడుంది? ఆఖరుకు చేతిలో డబ్బులైపోయి, వాటిని అక్కడ ఒక రైతుకు అప్పజెప్పి దేశం దాటినాడు, కాపాడమని భారత ప్రభుత్వాన్ని అడిగినాడు.

అల్లుడు: చాగలమర్రికి యుద్ధం రాదులే.

అత్త: కరువు వస్తుంది.

అల్లుడు: అయితే ఎట్ల చేయమంటావు? ఏదీ వద్దంటే మళ్లీ బెంగళూరు పోతాను. పన్నెండెకరాలు ముళ్లకంపకు వదిలేద్దాం.

అత్త: జెరాల్డ్ డరెల్ అని ఒకాయన. తన పుస్తకాల మీద ముందు ముందు వచ్చే డబ్బు చూపించి అప్పు తెచ్చి, 1959లో జెర్సీ దీవిలో జూ పెట్టినాడు. అదీ సొంతదే, కుటుంబమంతా దాంట్లోనే కాపురం. నాలుగేళ్లకు, 1963లో, దాన్ని ట్రస్టుకు ఇచ్చేసినాడు. తాను చచ్చినా జంతువులు బతకాలని. ఇప్పటికీ నడుస్తోంది. కుటుంబం నడపొచ్చు. కుటుంబం ఆస్తి కాకూడదు. ఇది నా షరతు.

అల్లుడు: ట్రస్టుకు రాస్తే అబ్బ సమాధిలోంచి లేచొస్తాడు.

అత్త: లేచొస్తే మంచిదే, సేద్యం సలహా అడగొచ్చు. భూమి రాయమనలేదు. జంతువుల పేరున ఒక డిపాజిట్టు, అయిదేళ్ల దాణాకు సరిపడా. జూ మూతపడినా అది కదలకూడదు. ఇక జంతువులు. ఒంగోలు ఎద్దు పెట్టు. బండలాగుడు పోటీలకు కర్నూలు, కడప జనం తెల్లార్లూ మేలుకుంటారు. ఆ ఎద్దును తీరిగ్గా, దగ్గరగా, చర్నాకోల లేకుండా చూసే చోటు మాత్రం లేదు. నెల్లూరు గొర్రె పెట్టు, అసిల్ కోడి పెట్టు, పుంగనూరు ఆవు పెట్టు.

అల్లుడు: పుంగనూరు ఆవు! అది పెడితే మకావు కూడా అక్కర్లేదు అత్తా. మూడడుగులు ఉంటాది, పిల్లోడు మెడ పట్టుకోవచ్చు. ఢిల్లీలో ప్రధానమంత్రి గడ్డి పెడతాండే ఫోటో వచ్చినప్పటి నుంచి ఒక్కొక్కటి లక్షలు పలుకుతాండాది.

అత్త: అదిగో, మళ్లీ ఈమూ లెక్క మొదలుపెట్టినావు. లక్షలు పలికే జంతువు అనగానే నాకు భయం. అమ్మడానికి కాదు, చూపించడానికి. నీ షెడ్డులో పుట్టిన దూడను అమ్మనని రాసిస్తావా?

అల్లుడు: దూడలను అమ్మకుండా ఎట్ల గడుస్తాది?

అత్త: సరే, రైతుకు అమ్ము, ఇన్‌స్టాగ్రాముకు అమ్మొద్దు. గుర్రాలు ఉంచుకో, ఎండ పూట ఎక్కించొద్దు. కుందేళ్లను పిల్లల చేతికి ఇవ్వొద్దు. రోజుకు వందమంది చెవులు పట్టుకుని ఎత్తితే కుందేలు నెల తిరక్కుండా పోతుంది, పోయినదాని చోట ఇంకొకటి తెచ్చి పెడతారు, చూసేవాళ్లకు తేడా తెలీదు. పాములు వద్దు, ఇగువానా వద్దు, ఆస్ట్రిచ్ వద్దు. ఈమూ...

అల్లుడు: ఈమూ ఉండాల.

అత్త: ఈమూ ఎందుకురా ఇంకా?

అల్లుడు: షెడ్డు దానిది. బయట ఒక బోర్డు రాయిస్తాను, ఈ పక్షి మా ఊరికి ఎట్ల వచ్చింది, ఎవరు తెచ్చినారు, ఎంత చెప్పినారు, ఎంత వచ్చింది అని. లెక్కలతో సహా. వదిలేసిన ఈమూలు ఇప్పటికీ అక్కడక్కడా ఫారాల్లో ఉండాయి, కొనేపని లేదు, తీసుకెళ్తామంటే దండం పెట్టి ఇస్తారు.

అత్త: అది మాత్రం పెట్టు. ఆ బోర్డు నేను రాస్తాను. (చాలా కాలం తర్వాత ఆమె గొంతులో లెక్చరర్ ఉత్సాహం విన్నాను.) మరి మకావు?

అల్లుడు: మకావుకు అడ్వాన్సు ఇచ్చేసినాను.

అత్త: నాకు తెలుసు, ఇచ్చేసుంటావని. ఆ పక్షి కాగితాలున్నాయా?

అల్లుడు: నమోదు ఉందని చెప్పినాడు.

అత్త: చెప్పడం కాదు, చూపించమను. లేకపోతే అడ్వాన్సు పోయినట్టే అనుకో. ఉంటే, ఆ ఒక్క జత. నమోదులో నీ పేరు కింద ఇంకో పేరు ఉండాలి. నీ తర్వాత ఎవరు చూసుకుంటారో వాళ్ల పేరు. కాగితం అడక్కపోయినా మనం వేరే రాసుకుందాం.

అల్లుడు: నీ పేరు రాస్తాను.

అత్త: నాకు అరవై ఆరు రా. మకావుకు నేను కర్మకాండ చేయలేను, అదే నాకు చేయాల్సొస్తుంది.

అల్లుడు: అయితే నీ మనవరాలిది. దానికి జంతువులంటే ప్రాణం గదా.

అత్త: దాన్ని అడిగినావా?

అల్లుడు: లేదు. ఆదివారం వస్తాది గదా, అడుగుదాం.

అత్త: అడుగు. కానీ అడిగేటప్పుడు ఫోనులో మకావు ఫోటో చూపియ్యొద్దు. దాణా బిల్లు చూపించి అడుగు.